సంక్రాంతికి రెండు రోజులు ముందే రండి

విశాఖలోనో హైదరాబాదులోనో, ఇంకా దూరానో ఉంటున్న మన ఉద్దానం పిల్లలకు,

ఫోనులో చూసి కంద వేపుడు, పనసపిక్కల కూర చేసుకుంటున్నారని మీ అమ్మలు చెప్పారు. చాలా సంతోషం. అయితే ఆ వీడియోల్లో కారం ఎంతో చెబుతున్నారు గాని, దురద ఎలా పోగొట్టాలో చెప్పడం లేదు. మన నేలలో పండే దుంపల్లో, పిక్కల్లో దురదో, చేదో, మంటో ఏదో ఒకటి ఉండేవి చాలానే. దాన్ని తీసేయడమే అసలు పని. తాలింపు ఎవరైనా పెడతారు.

కంద తరిగే ముందు చేతులు తడి లేకుండా తుడుచుకుని నూనె రాసుకోండి. కందలో, చేమదుంపలో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. గొంతులో గుచ్చుకునేవి అవే. అందుకే బియ్యం కడిగిన నీళ్లలో ఉడికించి, వార్చి, చింతపండు పులుసు పోస్తాం. కంద బచ్చలికి ఆవ పెట్టినప్పుడు పులుపు తగ్గించకండి. కర్రపెండలం మాత్రం పచ్చిది నోట పెట్టొద్దు, అందులో సైనైడు పుడుతుంది. తొక్కంతా తీసి, మూత పెట్టకుండా మెత్తగా ఉడికించి, ఆ నీళ్లు పారబోయండి. కొండల్లో ఉండేవాళ్లు చేదు అడవి దుంపల్ని పలచగా తరిగి, పారే గెడ్డలో నానబెట్టి గాని వండరు.

మూత్రపిండాల జబ్బున్న ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. వాళ్లకు దుంపకూరలు డాక్టరును అడిగాకే పెట్టండి.

ఇక జీడిపిక్కలు. ఇంట్లో ఎప్పుడూ కాల్చొద్దు. పెరట్లో, పొగ మీదికి రాని వైపు కూర్చోవాలి. చిల్లులు పొడిచిన పాత రేకు మీద పిక్కలు పోసి, పొడుగు కర్రతో కదుపుతూ ఉంటే తొక్కలోని జీడి కారి భగ్గున అంటుకుంటుంది. తొక్క నల్లబడగానే బూడిదలోకి తోసేయాలి. మిగిలిన జీడిని బూడిద పీల్చుకుంటుంది. చల్లారాక రాతి మీద పిక్కను అంచున నిలబెట్టి ఒక్క దెబ్బ కొట్టాలి. గట్టిగా కొడితే పప్పు నుజ్జయిపోతుంది. పచ్చి జీడి ఒలిచేటప్పుడు నూనె రాసుకోకపోతే వేళ్ల తోలు ఊడుతుంది. పలాస, కాశీబుగ్గల్లో ఏళ్ల తరబడి పిక్కలు కొట్టిన ఆడవాళ్ల చేతులు చూడండి, ఒక్క పప్పు కూడా పారేయబుద్ధి కాదు.

జీడిమామిడిని పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు. కర్రపెండలం, చిలగడదుంప కూడా అమెరికా ఖండాలవే. పరాయి మొక్కలు వచ్చినా, ఏది ఎలా వండితే ఒంటికి పడుతుందో మన ఆడవాళ్లు తెలుసుకుని మన వంటల్లో కలిపేశారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానంలో జీడి, కొబ్బరి, పనస చెట్లను పడగొట్టింది. మళ్లీ నాటుకున్నాం. ఈ దుంపల, పిక్కల పని తెలిసిన ముసలమ్మలు మాత్రం ఊరికి ఇద్దరో ముగ్గురో మిగిలారు. నాకు బెంగగా ఉన్నది అందుకే.

ఇక తేగలు. వర్షాకాలంలో పాతర వేసిన తాటి టెంకలు సంక్రాంతికి తేగలవుతాయి. వాటిని కుండలో నిలువుగా పేర్చి, మూతికి గడ్డి కుక్కి, బోర్లించి, చుట్టూ తాటాకుల మంట వేసి తంపటి పెడతాం. చుక్క నీరు పొయ్యం.

ఈసారి పండగనాడు ఉదయం దిగకండి, రెండు రోజులు ముందే రండి. పాతర మీరే తవ్వండి, పిక్కలు మీరే కాల్చండి. పక్కన నేను కూర్చుంటాను. ఎంత నీరు, ఎంతసేపు, ఎప్పుడు దించాలి, అన్నీ అడిగి రాసుకోండి.

మీ మామ్మ