ఫ్యూజు బదులు రాగితీగ చుట్టేవాణ్ణి మన బండి ముట్టనియ్యొద్దు

పోచంపల్లి ట్రాలీ ఆటో, ట్రాక్టర్, జీపు నడిపే అన్నదమ్ములకు విజ్ఞప్తి

మొన్న రాత్రి చీరల మూటలతో చౌటుప్పల్ వైపు పోతున్న ట్రాలీ ఆటోలో డాష్‌బోర్డు కింద పొగ లేచింది. డ్రైవరు దూకి బ్యాటరీ టెర్మినల్ పీకాడు కాబట్టి మనిషి దక్కాడు, సరుకు దక్కింది. ఆ మూటల్లో ఎన్ని మగ్గాల చాకిరి ఉందో ఈ ఊరివాళ్ళకు చెప్పనక్కర లేదు. బండికి కొత్తగా బిగించిన ఫోకస్ లైట్లకు రిలే లేదు. ఫ్యూజు ఉండాల్సిన చోట మెలిపెట్టిన రాగితీగ ఉంది.

లైట్లు వద్దని ఎవరూ అనడం లేదు. చీకట్లో బర్రె అడ్డమొస్తే కంపెనీ లైటుకు ఆనదు. మా కోపమంతా బిగించే తీరు మీదే.

55 వాట్ల బల్బులు రెండు వేస్తే 110 వాట్లు. 12 వోల్టుల మీద తొమ్మిది ఆంపియర్లు దాటుతుంది. ఆ కరెంటంతా హెడ్‌లైట్ వైరును నడుమ గీకి, చుట్టి, టేపు వేసిన జాయింటు నుంచి గుంజుతున్నారు. ఆ వైరూ స్విచ్చూ కంపెనీ తన బల్బుల లెక్కకే పెట్టింది. స్విచ్చు కాంటాక్టులు కాలతాయి, వైరు తొడుగు మెత్తబడుతుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది. ఎగిరిన ఫ్యూజు తన పని తాను చేసింది. అప్పుడైనా తప్పు ఎక్కడుందో వెతకాలి. మనవాళ్ళు 10 ఆంపియర్లది తీసి 20ది పెడతారు. అదీ ఎగిరితే తీగ చుట్టి పైసలు తీసుకుంటారు. తీగ ఎగరదు, కాబట్టి ఇక కాలేది వైరే. దాని పక్క నుంచే డీజిల్ పైపు పోతుంది.

దీన్ని మేం పని అనం, నేరం అంటాం. 2013 అక్టోబరు 30న పాలమూరులోని పాలెం దగ్గర బస్సు అంటుకుని 45 మంది పోయారు. అక్కడ బస్సు కల్వర్టుకు గుద్దుకుంది, వైరింగు సంగతి కాదు. కానీ బండికి నిప్పంటితే దిగడానికి ఎంత టైము దొరుకుతుందో మన పాలమూరు ఆ తెల్లవారుజామున చూసింది. తెలిసి తెలిసి తీగ చుట్టేవాడికి క్షమాపణ లేదు.

పద్ధతి ఇదీ. బ్యాటరీ నుంచి వేరే వైరు, రెండున్నర ఎంఎంకు తగ్గొద్దు. బ్యాటరీకి జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు. అక్కడి నుంచి రిలే 30 నంబరుకు, 87 నుంచి లైటుకు. స్విచ్చు వైరు 86కు, 85 ఎర్త్‌కు. స్విచ్చు రిలేను లేపితే చాలు, లైటు కరెంటు దాని గుండా పోవద్దు.

ఇప్పటికే బిగించుకున్నవాళ్ళు మొదట ఎర్త్‌నే అనుమానించండి. సగం తప్పులు అక్కడే. ఇండికేటరు వేస్తే ఫోకస్ లైటు మిణుకుమంటే ఎర్త్ పట్టడం లేదు. లైటు వెలుగుతుండగా మీటరు ఒక కాలు బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి లైటు ఎర్త్ వైరు మీద పెట్టండి. అర వోల్టు చూపినా రంగు గీకి, ఉత్త ఇనుము మీద మళ్ళీ బిగించండి. రిలే టకటక కొట్టుకుంటే కాయిల్‌కు వోల్టేజీ చాలడం లేదు. కొత్త ఫ్యూజు వెంటనే పోతుంటే లైట్లు రెండూ ఊడదీసి చూడండి. అయినా పోతే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది, పోకపోతే తప్పు లైటులో ఉంది. పొద్దునకల్లా బ్యాటరీ దిగిపోతుంటే తాళం తీసి, అన్నీ ఆపి, మైనస్ వైరు ఊడదీసి నడుమ మీటరు పెట్టండి. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఒక్కో ఫ్యూజు పీకుతూ పోండి. ఏది పీకితే అంకె పడిపోతుందో దొంగ ఆ దారిలో ఉన్నాడు. మీటరు నడుమ ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు.

చదువుకోనివాళ్ళకు ఇదంతా ఎక్కదట! బడి మధ్యలో మానేసిన చింతకింది మల్లేశం 1999లో చీరకు నూలు చుట్టే ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. మనకు నాలుగు వైర్లు ఎక్కవా? ఆర్టీవో వాళ్ళు చూసుకుంటారని ఇంకొందరు. 1988 మోటారు వాహనాల చట్టంలో బండి మార్పుల మీద 52వ సెక్షన్ ఉండనే ఉంది, తీగ చుట్టడం ఆగిందా? 1951 ఏప్రిల్ 18న ఇదే ఊళ్ళో వెదిరె రామచంద్రారెడ్డి భూమి లేనివాళ్ళకు వంద ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డది ఏ చట్టానికీ భయపడి కాదు.

ప్రతి అడ్డా చందాలేసి ఒక మల్టీమీటరు, ఒక మంటలార్పే సిలిండరు కొనాలి. లైటు వేయించినవాళ్ళు పైసలిచ్చే ముందే ఫ్యూజు హోల్డరు తెరిపించి, రిలే చూపించమని అడగాలి. చూపించకపోతే రూపాయి ఇవ్వొద్దు, ఆ దుకాణం పేరు అడ్డాలో అందరికీ చెప్పాలి.