కార్డు చూసి కత్తి పట్టే వైద్యం ఆగాలి

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఖర్చుతో ఆసుపత్రి వైద్యం అందించే ఆరోగ్యశ్రీ పథకం మొదలైనప్పుడు, గుండె ఆపరేషన్ కోసం ఎకరం అమ్ముకోవాల్సిన గతి ఇక ఉండదని పేద కుటుంబాలు ఊపిరి పీల్చుకున్నాయి. చాలామందికి నిజంగానే ఆ గతి తప్పింది. అంత మంచి పథకాన్ని కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు దోచుకుంటుంటే చూసీచూడనట్టు ఊరుకోవడం ప్రభుత్వాలకు తగదు. జబ్బును బట్టి కాక, కార్డు మీద ఏ ప్యాకేజీ పాసవుతుందో చూసుకుని చికిత్స చేసేవారిని ఉపేక్షించకూడదు.

గర్భసంచి ఆపరేషన్ల సంగతే చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో సుమారు 3 శాతం మందికి గర్భసంచి తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో అది 9 శాతానికి దగ్గర, తెలంగాణలో 8 శాతం. ఇవన్నీ ఆరోగ్యశ్రీ కింద చేసినవి కావు, అన్నీ అనవసరమైనవీ కావు. కానీ తెల్లబట్ట, నడుంనొప్పి అని వెళ్లిన కూలి మహిళను ‘తీయించుకోకపోతే క్యాన్సర్ అవుతుంది’ అని భయపెట్టడం మన పల్లెల్లో అందరికీ తెలిసిన కథే. ఆమెను ఆసుపత్రికి పంపిన ఊరి ఆర్‌ఎంపీ వైద్యుడికి కమీషన్ ముడుతుంది. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఐదేళ్లకే ముట్లుడిగి, ఎముకలు గుల్లబారి, ఆమె నాట్లకు వంగలేదు. ఈ దందా ముదిరాకే ఉమ్మడి రాష్ట్రంలో, పథకం కింద ఈ ఆపరేషన్‌ను ప్రభుత్వాసుపత్రులకు పరిమితం చేయాల్సి వచ్చింది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

ఈ దందా ఒక్క ఆపరేషన్‌తో పోయేది కాదు. 2024 నవంబరులో గుజరాత్‌లోని బోరిసణ గ్రామంలో ఉచిత శిబిరం పెట్టిన అహ్మదాబాద్ ప్రైవేటు ఆసుపత్రి ఒకటి, ఊరివాళ్లను బస్సెక్కించి తీసుకెళ్లి కేంద్ర పథకమైన ఆయుష్మాన్ భారత్ కార్డుల మీద గుండెకు స్టెంట్లు వేసింది. ఇద్దరు చనిపోయారు.

ఇక అదనపు వసూళ్లు. చేరిన దగ్గర్నుంచి డిశ్చార్జి తర్వాత పది రోజుల మందుల దాకా పైసా తీసుకోకూడదన్నది ఆరోగ్యశ్రీ నిబంధన. కౌంటర్ దగ్గర జరిగేది వేరు. ‘అప్రూవల్ వచ్చేదాకా స్కానింగ్‌కు మీరే కట్టండి’, ‘మంచి రకం ఇంప్లాంట్ కావాలంటే తేడా డబ్బు తెండి’. రసీదు ఉండదు. రోగికి సాయపడాల్సిన ఆరోగ్యమిత్ర పక్కనే కూర్చుని ఉంటారు. ఆపరేషన్ బల్ల మీద మనిషి ఉన్నప్పుడు బేరమాడే ధైర్యం ఎవరికుంటుంది?

పర్యవేక్షణ అంతా కాగితాల మీదే నడవడం అసలు లోపం. ఆసుపత్రి పంపిన ఫొటో, రిపోర్టు చూసి పథకాన్ని నడిపే ట్రస్టు అనుమతిస్తుంది. తన పేరున ఏ చికిత్స రాశారో, ఎంత బిల్లు పెట్టారో రోగికే తెలియదు. ఆయుష్మాన్ భారత్‌లో దాదాపు ఏడున్నర లక్షల మంది లబ్ధిదారులకు ఒకటే బూటకపు ఫోన్ నంబరు ఉందని 2023లో కాగ్ బయటపెట్టింది. అలాంటి చోట రోగిని అడిగి నిజం తేల్చుకునేదెలా?

అనుమతి ఇచ్చే ముందే చికిత్స పేరు, ప్యాకేజీ మొత్తం తెలుగులో రోగి ఫోనుకు చేరాలి. గర్భసంచి తొలగింపు, స్టెంట్ల వంటి ముందే నిర్ణయించుకునే ఆపరేషన్లకు ఆ ఆసుపత్రితో సంబంధం లేని మరో డాక్టరు రోగిని స్వయంగా చూసి సరేననాలి. ఏ ఆసుపత్రి ఏ ఆపరేషన్ ఎన్ని చేసిందో నెలనెలా జనం ముందు పెట్టాలి. తప్పు రుజువైతే సొమ్ము రాబట్టడంతో సరిపెట్టకుండా డాక్టరు రిజిస్ట్రేషన్ మీదా చర్య ఉండాలి. వేటుపడ్డ ఆసుపత్రి పేరు మార్చుకుని మళ్లీ పథకం నెట్‌వర్క్‌లో చేరే దారి మూసేయాలి.

బకాయిలు నెలల తరబడి పేరుకుపోతున్నాయన్న ఆసుపత్రుల గోడు అబద్ధం కాదు. ఆ బాకీ ప్రభుత్వానిది, రోగి జేబులోంచి రాబట్టుకునే హక్కు ఎవరికీ లేదు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ బిల్లుల చెల్లింపునకు ఉత్తర్వు ద్వారా గడువు ప్రకటించి, దాటితే వడ్డీతో కట్టాలి. అదే ఉత్తర్వులో, రోగి దగ్గర వసూలు చేసిన ప్రతి రూపాయికీ ఆసుపత్రి ఎంత జరిమానా కట్టాలో కూడా రాయాలి.