కొండ ఎవరిది?

దూరపు కొండలు నునుపు అన్నది పెద్దల మాట. దగ్గరకు వెళ్లినవారికి ఆ కొండల గరుకుదనంతోపాటు వాటి చుట్టూ అల్లుకొన్న హక్కుల వివాదాలు కూడ కనిపిస్తాయి. స్కాట్లాండులోని హైలాండ్స్ ప్రాంతం ఇందుకు చక్కని నిదర్శనం.

ఆ ప్రాంతపు వాయవ్య భాగంలో మరీ సరస్సు ఒడ్డున లెటర్యూ ఎస్టేటు ఉంది. అక్కడ 967 మీటర్ల ఎత్తున ఒక శిఖరం నిలిచి ఉంది. గేలిక్ భాషలో దాని పేరుకు 'కన్య' అని అర్థం. స్కాట్లాండులో 3,000 అడుగులకు మించిన శిఖరాల పట్టికను సర్ హ్యూ మన్రో 1891లో ప్రకటించాడు. ఆ పట్టికలో నేడు 282 శిఖరాలున్నాయి. వాటిలో మిక్కిలి మారుమూల ఉన్నది ఈ కన్యాశిఖరమేనని పర్వతారోహకులు తరచుగా చెప్పుకొంటారు. బురద నేలలు, వాగులు దాటుతూ గంటల తరబడి నడిస్తేనే అది అందుతుంది.

అంత శ్రమకు సిద్ధపడినవానికి సైతం ఒకప్పుడు అనుమతి సమస్య ఎదురయ్యేది. హైలాండ్స్ భూమిలో అధికభాగం కొద్దిమంది యజమానుల చేతిలో ఉండేది. జింకల వేటకు భంగం కలుగుతుందని పలువురు యజమానులు పాదచారులను అడ్డగించేవారు. కొండలపై ప్రజలకు ప్రవేశం కల్పించాలని 1884లో జేమ్స్ బ్రైస్ పార్లమెంటులో ప్రవేశపెట్టిన బిల్లు చట్టరూపం దాల్చలేదు. 1993లో లెటర్యూ యజమాని, పర్వతారోహక సంఘాలు కలిసి ఒక ఒప్పందం చేసుకొన్నారు. 2003లో స్కాట్లాండు పార్లమెంటు భూసంస్కరణ చట్టాన్ని ఆమోదించి, బాధ్యతతో సంచరించే హక్కును అందరికీ ఇచ్చింది.

భూమి భారం మోసేవాడే దానిపై రాకపోకలను నిర్ణయించాలని కొందరి వాదన. అందులో సత్యం లేకపోలేదు. తోడేళ్లు ఏనాడో అంతరించిన ఆ నేలలో జింకల సంఖ్యను అదుపు చేయకపోతే లేత మొక్కలు మిగలవు. అడవి తిరిగి పెరగదు. వేట సాగే లోయలోకి అజాగ్రత్తగా అడుగుపెట్టినవాడు ఆ పనిని చెడగొట్టగలడు. అయితే ఈ కారణం ఒకనాడు దారి మార్చుకొమ్మని కోరడానికి చాలుతుంది గాని, కొండకే తాళం వేయడానికి చాలదు. వేల సంవత్సరాలుగా ఉన్న శిఖరాన్ని ఒక దస్తావేజు మరుగుపరచడం న్యాయం కాదు.

హక్కు లభించినంత మాత్రాన నడిచేవాని పని ముగియదు. పటము, దిక్సూచి లేకుండ బయలుదేరి దారితప్పినవానికోసం, ప్రధానంగా స్వచ్ఛంద సేవకులతో ఏర్పడిన రక్షకదళాలు మంచులో వెదకవలసి వస్తుంది. ఒకని నిర్లక్ష్యం పలువురి ప్రాణాలకు ముప్పు తెస్తుంది. చెత్తను వదలడం, ఎండుగడ్డి నేలలో నిప్పు రాజేయడం కూడ అటువంటి నేరాలే.

కొండను కొన్నవాడు దానికి కావలివాడు మాత్రమే. ఎక్కినవాడు దానికి అతిథి. కావలివాడు తలుపు మూయరాదు, అతిథి ఇల్లు పాడుచేయరాదు. ఈ రెండు ధర్మాలూ నిలిచిననాడే కొండ అందరిదీ అవుతుంది.