నేరానికి కారణం ఎవరిని చూసి చెబుతున్నాం?

2023 డిసెంబర్‌లో మాక్లూర్ పేరు రాష్ట్రమంతా పత్రికలకెక్కింది. ఒకే కుటుంబంలో ఆరుగురు హత్యకు గురయ్యారు. వారిలో ముగ్గురు స్త్రీలు, ఇద్దరు పిల్లలు. తెలిసినవాడే ఒక ఇంటి కోసం ఈ పని చేశాడన్నది పోలీసుల కథనం. ఇలాంటి ఘోరం జరిగినప్పుడల్లా అందరి నోటా ఒకటే ప్రశ్న: మనిషి ఇంత పని ఎందుకు చేస్తాడు? జవాబులూ వెంటనే వస్తాయి. పుట్టుక మంచిది కాదంటారు. అప్పులంటారు, తాగుడంటారు, చెడు స్నేహాలంటారు. ఈ మాటల వెనుక పెద్ద పెద్ద సిద్ధాంతాలే ఉన్నాయి. బాధిత స్త్రీల తరఫున స్టేషన్ల చుట్టూ తిరిగే మనకు వాటితో పనేమిటి అనుకోవడానికి లేదు. కేసు రాసే ఎస్.ఐ. మొదలు పంచాయితీలో కూర్చున్న పెద్దమనిషి దాకా ప్రతివాడి బుర్రలోనూ వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. మన కౌన్సెలింగ్ గదుల్లోకీ అది వస్తుంది.

నేరస్తులు పుట్టుకతోనే అలా ఉంటారని, శరీర లక్షణాలను బట్టి గుర్తించవచ్చని ఇటలీ వైద్యుడు లోంబ్రోజో 1876లో పుస్తకం రాశాడు. అంతకు ఐదేళ్ల ముందే మన దేశంలో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్త తెగల చట్టం చేసింది. 1911లో అది మద్రాసు రాష్ట్రానికి విస్తరించింది. ఎరుకల కుటుంబాలను తెచ్చి సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో స్టూవర్టుపురంలో పెట్టారు. పశువుల మీద ఉప్పు, ధాన్యం మోసి ఊరూరా అమ్ముకుని బతికిన జాతి అది. రైళ్లు వచ్చి, ఉప్పు సర్కారు చేతిలోకి పోయి ఆ బతుకుతెరువు పోయింది. ఆ తర్వాత వాళ్లను దొంగలన్నారు. అలా కట్టడి చేసిన మనుషుల కూలి చీరాల పొగాకు కంపెనీకి పనికొచ్చింది. 1952లో చట్టం రద్దయినా ముద్ర పోలేదు. 1991లో కూడా ఆ ఊరి పేరు పెట్టి సినిమాలు తీశారు. ఈ సిద్ధాంతానికి ఏదైనా బలం ఉంటే అది పాలించేవాళ్లకు ఇచ్చిన బలమే. 2019లో హైదరాబాద్ శివార్లలో అత్యాచారం, హత్య జరిగినప్పుడు నిందితులను ‘మృగాలు’ అన్నారు. అది లోంబ్రోజో మాటే. ఆ మాట మీదే నలుగురిని విచారణ లేకుండా చంపితే పూలు చల్లారు. పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలని సిర్పూర్కర్ కమిషన్ చెప్పేసరికి 2022 వచ్చింది.

పేదరికం సిద్ధాంతం ఇంతకంటే మానవీయమైనది. సమాజం అందరికీ ఒకే కల చూపించి, దారి మాత్రం కొందరికే ఇస్తుందని, ఆ ఒత్తిడిలోంచి నేరం పుడుతుందని అమెరికా సామాజికవేత్త మెర్టన్ 1938లో అన్నాడు. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి మార్కెట్‌కు తెచ్చేదాకా ఏడాది అప్పు మీదే నడిచే ఈ ప్రాంతంలో ఆ మాట అర్థం కానివారుండరు. అయితే ఒక లెక్క చూడండి. ఆస్తి లేనిది ఆడవాళ్లకే. పట్టా పాసుపుస్తకం మగవాడి పేరున, గ్రూపు అప్పు ఆడమనిషి పేరున. నిజామాబాద్ పల్లెల్లో బీడీలు చుట్టి ఇల్లు గడిపేది వాళ్లే. లేమే కారణమైతే జైళ్లు ఆడవాళ్లతో నిండిపోవాలి. దేశంలోని ఖైదీల్లో వాళ్లు దాదాపు 4 శాతం. ఆడపిల్లను చిన్నప్పటి నుంచీ కట్టడిలో పెంచుతారు కాబట్టి నేరాల జోలికి పోదనే సిద్ధాంతం కూడా ఉంది. నిజమే కావచ్చు. ఆ కట్టడి దెబ్బలతో అమలవుతుందన్న సంగతిని మాత్రం అది లెక్కలోకి తీసుకోదు.

తాగుడు సంగతి మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1992లో దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన ఉద్యమం 1993లో సారాను, 1995లో మొత్తం మద్యాన్ని నిషేధింపజేసింది. 1997లో సర్కారు ఆ నిషేధాన్ని ఎత్తేసింది. సారా ఆగితే దెబ్బలు తగ్గాయని స్త్రీలు చెప్పిన మాట ఏ సిద్ధాంతం కంటే తక్కువ కాదు. కానీ తాగినవాడు ఎస్.ఐ.ని కొట్టడు, సేటును కొట్టడు. ఇంటికొచ్చి పెళ్లాన్ని కొడతాడు. ఎవరిని కొట్టవచ్చో తెలిసేంత తెలివి మత్తులో కూడా ఉంటుంది. ఆ తెలివి సీసాలోంచి రాలేదు.

ఇక ఆర్మూర్ చుట్టుపక్కల గ్రామాభివృద్ధి కమిటీలు. ఎన్నికైన పంచాయతీతో సంబంధం లేకుండా పెద్ద కులాల పెద్దమనుషులు నడిపే ఈ కమిటీలు బెల్టుషాపులు వేలం వేస్తాయి, జరిమానాలు వసూలు చేస్తాయి, మాట వినని కుటుంబాలను వెలి వేస్తాయి. కిరాణాకొట్టువాడు సామాను ఇవ్వడు, కూలికి ఎవరూ పిలవరు, మాట్లాడినవాళ్లకు కూడా జరిమానా. ఈ శిక్షను ప్రతి పూటా అనుభవించేది పాలకు, నీళ్లకు, కూలికి బయటకు వెళ్లే ఆడమనిషే. ఇక్కడ పేదరికం లేదు, మత్తు లేదు, చెడిపోయిన పెంపకం లేదు. నేరం చేసే పద్ధతినీ, దాన్ని సమర్థించుకునే మాటలనూ మనిషి సహవాసంలో నేర్చుకుంటాడని సదర్లాండ్ చెప్పాడు. కోటు తొడుక్కున్న వ్యాపారుల నేరాలను కూడా లెక్కించాలని 1939లోనే వాదించాడు. ఉన్న సిద్ధాంతాల్లో మనకు ఎక్కువ పనికొచ్చేది ఇదే. ‘ఊరి కట్టుబాటు’ అన్న మాట అలా నేర్చుకున్న సమర్థనే. అయితే ఈ నేరం వల్ల ఎవరికేం దక్కుతుందో, ఆ కమిటీలో స్త్రీకి, దళితుడికి చోటెందుకు లేదో సదర్లాండ్ చెప్పడు. అది మనమే అడగాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సాంఘిక బహిష్కరణను నేరంగా పేర్కొంది. బీసీ కుటుంబాన్ని వెలివేస్తే ఆ చట్టం వర్తించదు. పక్కనున్న మహారాష్ట్ర 2016లో అందరికీ వర్తించే చట్టం చేసింది. అలాంటి చట్టం ఇక్కడా కావాలని మనం అడగాలి.

సంఘాల కేసు ఫారాల్లో ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. అందులో ‘తాగుడు’ అన్న ఒక్క మాట సరిపోదు. ఎవరు చూస్తూ ఉన్నారు, ఎవరు ఆపగలిగి ఆపలేదు, ఇల్లో పొలమో కట్నమో ఎవరికి మిగిలింది అన్నవి కూడా రాయాలి. మాక్లూర్, ఆర్మూర్ ప్రాంత కార్యకర్తలు తమ దగ్గరకొచ్చిన వెలి కేసుల వివరాలను ఇలా రాసి, పేర్లు మార్చి పంపితే వచ్చే సంచికలో ప్రచురిస్తాం.