వరద సాయం లెక్కలు ప్రజలకు కనబడాలి

2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీల్లో ఇళ్లతోపాటు చిన్న వ్యాపారుల బతుకుతెరువూ నీట మునిగింది. కిరాణా కొట్లు, కుట్టుమిషన్లు, మెకానిక్ షెడ్లు, టీ బంకులు, ఆటోలు రోజుల తరబడి బురదనీటిలో నానిపోయాయి.

ఆ నెల 17న ముఖ్యమంత్రి నష్టపరిహారం ప్రకటించారు. మునిగిన చిన్న దుకాణానికి 25 వేల రూపాయలు, ఆటోకు 10 వేలు. రిజిస్టరైన చిన్న పరిశ్రమలకు టర్నోవరును బట్టి 50 వేలు, లక్ష, లక్షన్నర. ప్రకటన పత్రికల్లో వచ్చింది కాబట్టి అందరికీ తెలిసింది. ఆ డబ్బు ఏ వీధిలో ఎన్ని కొట్లకు చేరింది, ఎన్ని దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యాయి, ఎందుకు అన్నది కూడా అంతే సులువుగా తెలియాలి. మొత్తం ఇన్ని కోట్లు పంచామన్న ఒక్క అంకె, సాయం అందని వ్యాపారి ప్రశ్నకు సమాధానం కాదు.

ఈ వివరాలు ఇవ్వడం అధికారుల దయాదాక్షిణ్యం కాదు. సబ్సిడీ పథకాలకు కేటాయించిన మొత్తాలను, లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకముందే ప్రకటించాలని సమాచార హక్కు చట్టం, 2005లోని 4(1)(బి) సెక్షన్ నిర్దేశిస్తోంది. ఆ సమాచారం స్థానిక భాషలో ప్రజలకు సులువుగా అందాలని అదే చట్టం చెబుతోంది. ప్రజాధనంతో ఇచ్చిన వరద సాయానికి కూడా ఈ సూత్రమే వర్తించాలి. జాబితాను సచివాలయం గోడమీద నాలుగు రోజులు అంటించి తీసేస్తే సరిపోదు. ఎప్పుడు కావాలన్నా చూసుకునేలా ఉండాలి.

ఇది మన సమాజానికి మరింత ముఖ్యం. ముస్లిం పురుష కార్మికుల్లో 12 శాతానికి పైగా వీధి వ్యాపారంలో ఉన్నారని, దేశ సగటు 8 శాతం లోపేనని 2006లో సచార్ కమిటీ తేల్చింది. అద్దె కొట్టు, నోటిమాట ఒప్పందం, జీఎస్టీ గానీ ఉద్యమ్ నమోదు గానీ లేని వ్యాపారం మనలో ఎక్కువ. సర్వే జాబితాలో ముందుగా జారిపోయే పేర్లు ఇవే. జాబితాలో మతం గడి పెట్టమని మనం కోరనక్కరలేదు. సచివాలయాలవారీగా వివరాలు బయటపెడితే ఏ వీధి మిగిలిపోయిందో ఆ వీధివారే గుర్తిస్తారు.

వ్యక్తిగత సమాచారం ఇవ్వలేమని కొందరు అధికారులు అనవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆ మినహాయింపును మరింత విస్తరించిన మాట నిజమే. అయితే 4(1)(బి)ని అది తొలగించలేదు. ప్రజా ప్రయోజనం మిన్న అయినప్పుడు సమాచారం ఇవ్వవచ్చన్న 8(2) సెక్షన్ కూడా అలాగే ఉంది. మనకు ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు అక్కరలేదు. దుకాణం పేరు, వీధి, మంజూరైన మొత్తం, తిరస్కరిస్తే కారణం తెలిస్తే చాలు.

ప్రభుత్వ కార్యాలయంలో ఏళ్ల తరబడి ఫైళ్లు నడిపిన అనుభవంతో ఒక సలహా. 'నాకు సాయం ఎందుకు రాలేదు?' అని అడిగితే సమాధానం దాటవేయడం సులభం. అలా కాకుండా 'ఫలానా సచివాలయం పరిధిలోని దుకాణాల నష్ట సర్వే పట్టిక నకలు, రిమార్కుల గడితో సహా ఇవ్వండి' అని రికార్డు పేరు చెప్పి అడగాలి. రుసుము పది రూపాయలకు మించదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆపైన 30 రోజుల్లోగా మొదటి అప్పీలు చేసుకోవాలి. పంపిణీ ముగిసిందన్న సాకుతో సమాచారం నిరాకరించే వీలు చట్టంలో లేదు.

బాకీ లావాదేవీలను రాసి ఉంచుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో మనకు ఆదేశం ఉంది. ఆ క్రమశిక్షణ మన కొట్లకూ అవసరం. మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు తమ పరిధిలోని చిన్న వ్యాపారుల వివరాలు, అద్దె రసీదులు, ఫొటోలు ఇప్పుడే సేకరించి పెట్టాలి. మన జాబితా మన చేతిలో ఉంటేనే ప్రభుత్వ జాబితాతో సరిపోల్చగలం. వచ్చే వాన కాలానికి ముందే ఈ పని పూర్తికావాలి.