సెన్సర్ లైటు ముందుగా పెరటి దారికి

ఈ మధ్య మన ఆసుపత్రికి వచ్చే కుటుంబాలవారు చాలామంది ఇంటి బయట సెన్సర్ లైటు పెట్టించుకుంటున్నారు. మనిషి దగ్గరకు రాగానే తనంతట తానే వెలిగి, కాసేపటికి ఆరిపోయే లైటు అది. ఎక్కడ పెట్టించారని అడిగితే, దాదాపు అందరూ చెప్పేది ఒకటే: "గేటు దగ్గరండీ, దొంగల భయం కదా!"

మేమూ అలాగే చేశాము. కొన్నేళ్ళ క్రితం గేటు స్తంభానికి ఒకటి బిగించాము. దొంగ రాలేదు గాని, ఆ వర్షాకాలంలోనే మా అత్తగారు తెల్లవారుజామున పెరట్లోని బాత్‌రూముకు వెళుతూ మెట్టు కనబడక పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. లైటు వేస్తే అందరికీ నిద్రాభంగమని ఆవిడ స్విచ్చు ముట్టుకోలేదట. ఆపరేషన్ అయింది, కానీ కర్ర లేకుండా మళ్ళీ నడవలేదు. ఇన్నేళ్ళుగా వార్డులో పడిపోయినవారిని చూస్తున్న నేను, నా ఇంటి పెరట్లోని చీకటి మెట్టును పట్టించుకోలేదు.

అందుకే నా అభిప్రాయం చెబుతున్నాను. ఒక్క సెన్సర్ లైటే కొనగలిగితే, దానిని వెనుక గుమ్మం నుండి బాత్‌రూముకు వెళ్ళే దారిలో పెట్టించండి. దొంగలకు ముందు గట్టి గడియ, మంచి తాళం చూసుకోండి. గేటు లైటు సంగతి తరువాత.

రాత్రంతా ఒక బల్బు వేసి ఉంచితే సరిపోదా అని కొందరంటారు. నిజమే, పాత 60 వాట్ల బల్బు రోజుకు 12 గంటలు వెలిగితే నెలకు 21 యూనిట్లకు పైగా అయ్యేది. 9 వాట్ల ఎల్‌ఇడి బల్బుకు మూడు యూనిట్ల పైచిలుకే. కాబట్టి బిల్లు ఆదా కోసమే సెన్సర్ కొనమని నేను చెప్పను. కానీ రాత్రంతా వెలిగే లైటుకు పురుగులు చేరతాయి, పురుగుల కోసం కప్పలు వస్తాయి, కప్పల కోసం పాములు రావచ్చు. పడకగది కిటికీలోకి వెలుగు పడితే నిద్ర కూడా చెడుతుంది.

పాముల మాట ఎత్తాను గనుక ఒక విషయం. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది మరణించారు. మన తెలుగు ప్రాంతం కూడా ఎక్కువ మరణాలున్న వాటిలో ఒకటి. సెన్సర్ పామును పసిగడుతుందని మాత్రం అనుకోవద్దు. మామూలు సెన్సర్ (పి.ఐ.ఆర్.) కదిలే ఒంటి వేడిని గుర్తిస్తుంది. పాము ఒళ్ళు చుట్టూ ఉన్న నేలంత వేడిగానే ఉంటుంది. లైటు మన కోసం వెలుగుతుంది, చూసి అడుగు వేయవలసింది మనమే. ఒకవేళ కాటు వేస్తే కోయవద్దు, తాడు బిగించి కట్టవద్దు. కాలు చెయ్యి కదపకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

కొనేటప్పుడు ఇవి చూడండి. బయట పెట్టేదానికి డబ్బా మీద ఐ.పి. 65 అని ఉంటే వానజల్లుకు తట్టుకుంటుంది. ఎంతసేపు వెలగాలి, ఎంత చీకటి పడ్డాక పనిచేయాలి అనే రెండు మరలు ఉన్నదే తీసుకోండి. పెద్దవారికి కనీసం రెండు, మూడు నిమిషాలు పెట్టండి. ముప్ఫై సెకన్లకే ఆరిపోతే సగం దారిలో చీకట్లో నిలబడతారు. మైక్రోవేవ్ రకం ఊగే కొమ్మలకు, పలుచని గోడ అవతల నడిచేవారికి కూడా వెలుగుతుంది గనుక పెరటికి పి.ఐ.ఆర్. రకమే మేలు. సోలార్ రకానికి వయరింగు అక్కరలేదు గాని, ముసురు పట్టిన రోజుల్లో సరిగా ఛార్జి కాదు. మనకు వెలుగు ఎక్కువ అవసరమయ్యేది ఆ రోజుల్లోనే. ఇన్వర్టర్ ఉన్నవారు ఈ లైటును ఆ లైనుకే కలిపించండి.

బిగించేటప్పుడు ఏడెనిమిది అడుగుల ఎత్తులో, దారికి పక్కగా ఉండాలి. సెన్సర్‌కు ఎదురుగా నడిచి వచ్చేవారికంటే అడ్డంగా నడిచేవారిని అది త్వరగా గుర్తిస్తుంది. ఏసీ బయటి యూనిట్ వైపు తిప్పవద్దు. ఎండాకాలంలో బయటి వేడి ఒంటి వేడికి దగ్గరైనప్పుడు అది గుర్తించే దూరం తగ్గుతుంది. అందుచేత మీ దారి పొడవుకంటే ఎక్కువ దూరం పనిచేసేదే కొనండి. వయరింగు పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

చివరగా ఒక్క మాట. ఎలక్ట్రీషియన్ తాను చకచకా నడిచి చూపించి "బాగా పనిచేస్తోందండీ" అంటాడు. అంతటితో అతనిని పంపవద్దు. చీకటి పడ్డాక అమ్మమ్మనో తాతయ్యనో చెయ్యి పట్టుకోకుండా, పక్కనే ఉండి, తమ నడకతో తాము నడవమనండి. గుమ్మం దాటకముందే లైటు వెలగాలి, తిరిగి లోపలికి వచ్చేదాకా ఆరకూడదు. అలా కాకపోతే మరలు తిప్పించి మళ్ళీ చూడండి. ఆ దారి వారిది గనుక, లైటు బాగుందో లేదో చెప్పవలసింది కూడా వారే.