కంపెనీ మూతపడిన పాత పిస్టల్ కొంటున్నారా? ముందు ఈ 45 రోజుల లెక్క తెలుసుకోండి

ఆయుధ లైసెన్స్ చేతికొచ్చింది. ఇక పిస్టల్ కొనాలి. డీలర్ దగ్గరికి వెళ్తే సాధారణంగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి మన ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో తయారైన .32 బోర్ పిస్టల్. రెండోది ఎప్పుడో స్పెయిన్‌లోనో బ్రిటన్‌లోనో తయారై, చేతులు మారుతూ వచ్చిన చిన్న పిస్టల్. అరచేతిలో ఇమిడిపోతుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ధర మాత్రం కొత్తదాని కంటే చాలా ఎక్కువ.

చిక్కేమిటంటే, దాన్ని తయారుచేసిన కంపెనీ ఇప్పుడు లేదు. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతానికి చెందిన స్టార్, ఆస్ట్రా కంపెనీలు రెండూ 1990ల చివర్లో మూతపడ్డాయి. బ్రిటన్‌కు చెందిన వెబ్లీ అండ్ స్కాట్ 1970ల చివరికల్లా పిస్టళ్లు, రివాల్వర్ల తయారీ ఆపేసింది.

మరి పాతదానికి అంత ధర ఎందుకు?

నాణ్యత ఒక్కటే కారణం కాదు. సామాన్యులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడానికి 1980ల నుంచి దాదాపుగా తలుపులు మూసుకుపోయాయి. అంతకుముందు వచ్చినవే ఇప్పటికీ మార్కెట్లో తిరుగుతున్నాయి. అంటే మీరు కడుతున్నది తుపాకీ ధర కాదు, కొరత ధర.

2019లో ఆయుధ చట్టాన్ని సవరించి, ఒక లైసెన్స్‌దారు దగ్గర ఉండగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించారు. మూడోది ఉన్నవాళ్లు దాన్ని ఏడాదిలోగా పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో అప్పగించాలన్నారు. ఇంట్లో పెద్దాయన పోయాక వారసులకు లైసెన్స్ లేక డీలర్ దగ్గర పెట్టేసినవీ ఉంటాయి. పాత తుపాకులు అమ్మకానికి వచ్చే దారుల్లో ఇవి రెండు.

యజమాని దగ్గరే నేరుగా కొంటే?

కొనొచ్చు. సొంత వాడకానికి చట్టబద్ధంగా ఉంచుకున్న తుపాకీని, లైసెన్స్ ఉన్న మరొకరికి అమ్ముకోవడానికి ఆయుధ చట్టం 1959లోని సెక్షన్ 5 వీలు కల్పిస్తోంది. కానీ ఊరికే చేతులు మార్చుకుంటే కుదరదు. ఎవరికి అమ్ముతున్నదీ పేరు, చిరునామాతో సహా జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ, దగ్గర్లోని పోలీస్ స్టేషన్ అధికారికి గానీ అమ్మేవారు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ సమాచారం ఇచ్చాక కనీసం 45 రోజులు గడవాలి. ఆ తర్వాతే తుపాకీ మీ చేతికి రావాలి.

'డబ్బులిచ్చి తీసుకెళ్లండి, కాగితాలు నేను చూసుకుంటా' అనేవాళ్లు ఎంత దగ్గరివాళ్లయినా సరే, ఒప్పుకోవద్దు. పోలీసులు తీసుకున్నట్టు ముద్ర ఉన్న కాపీ చూశాకే అడ్వాన్స్ మాట ఎత్తండి. మీ లైసెన్స్‌లోకి ఎక్కని తుపాకీ మీ ఇంట్లో దొరికితే అది అక్రమ ఆయుధమే. 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్ష రెండేళ్ల జైలు, గరిష్ఠం ఐదేళ్లు.

తుపాకీ మీద తయారీదారు పేరు, నంబరు స్పష్టంగా ఉన్నాయా? అమ్మేవారి లైసెన్స్‌లో ఉన్న నంబరుతో అక్షరం అక్షరం సరిపోయిందా? పాతవాటిలో అరిగిపోయిందనో, పాలిష్ చేయిస్తే పోయిందనో చెబుతుంటారు. గుర్తింపు నంబరు లేని తుపాకీని అమ్మడమే నేరం. అక్కడితో బేరం ఆపేయండి.

మన పాఠకుల్లో అమెరికాలో బంధువులున్నవాళ్లు ఎక్కువ కాబట్టి ఇంకో మాట. అక్కడ స్థిరపడి తిరిగొచ్చే వారు కొన్ని షరతులతో ఒక తుపాకీ వెంట తెచ్చుకోవచ్చు. అయితే దాన్ని జీవితాంతం అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. 'అమెరికా నుంచి తెచ్చింది' అని ఎవరైనా అమ్మకానికి పెడితే, ముందుగా అనుమానించాల్సింది అదే. యూట్యూబ్‌లో అమెరికన్లు మెచ్చుకునే స్టార్ కంపెనీ చిన్న పిస్టళ్లలో చాలావరకు 9 ఎంఎంవి. ఆ బోర్ మన దగ్గర సామాన్యులకు నిషిద్ధం.

పాడైతే ఎవరిని అడగాలి?

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా అసలు కష్టం ఇక్కడుంది. కొత్త దేశీ పిస్టల్‌లో లోపముంటే అడగడానికి ఒక ఫ్యాక్టరీ ఉంది. పాతదానికి ఎవరూ లేరు. పిస్టల్‌లో ముందుగా అలిసిపోయేది రికాయిల్ స్ప్రింగ్. పేలిన ప్రతిసారీ వెనక్కి వెళ్లిన స్లైడ్‌ను ముందుకు తోసేది అదే. అది బలహీనపడితే తూటా సరిగ్గా ఎక్కదు, మధ్యలో ఇరుక్కుంటుంది. తర్వాత మ్యాగజైన్. దాని అంచులు కొద్దిగా వంగినా ఇదే గొడవ. కంపెనీ లేదు కాబట్టి రెండో మ్యాగజైన్ దొరకడమే గగనం.

ఆన్‌లైన్‌లో విదేశాల నుంచి తెప్పించుకుందామా అంటే, చట్టం ప్రకారం ఆయుధం అంటే దాని భాగాలు కూడా. అనుమతి లేకుండా ఫైరింగ్ పిన్ పార్శిల్ తెప్పించుకోవడం అక్రమ దిగుమతే అవుతుంది. తెలిసిన లేత్ మిషన్ అతనితో చేయించుకోవడమూ కుదరదు. తుపాకుల రిపేరుకూ లైసెన్స్ ఉండాలి.

భద్రత సంగతి మరీ ముఖ్యం. పాత డిజైన్లలో చాలావాటికి, కింద పడితే పేలకుండా ఫైరింగ్ పిన్‌ను ఆపే ఏర్పాటు లేదు. ఛాంబర్‌లో తూటా ఉంచి నడుముకు పెట్టుకు తిరగడం వీటితో ప్రమాదం. ఆత్మరక్షణకని కొన్నది అలా వాడలేనప్పుడు, అంత ధర పెట్టడంలో అర్థమేమిటో కొనేవారే ఆలోచించుకోవాలి. సేకరించే సరదా ఉన్నవారి లెక్క వేరు.

అయినా కొనాలనుకుంటే, లైసెన్స్ ఉన్న ఆర్మరర్‌తో విప్పించి చూపించండి. స్లైడ్, ఫ్రేమ్ మీద వెంట్రుకంత పగుళ్లున్నాయేమో, బ్యారెల్ లోపల తుప్పు గుంటలున్నాయేమో ఆయన చెప్పగలరు. తూటా విషయంలోనూ జాగ్రత్త. .32 అని రాసి ఉన్నవన్నీ ఒకటి కాదు. పిస్టల్‌కు వాడే .32 ఏసీపీ వేరు, రివాల్వర్‌కు వాడే .32 లాంగ్ వేరు. మీ లైసెన్స్ మీద ఏది రాశారో దుకాణంలో అడిగే ముందు ఒకసారి తీసి చదవండి.